వరద గీత కింద నా సంతకం

ఏలూరులో నేను చేసిన మొదటి ఉద్యోగం గీతలు గీయడం. ఇంజనీరు గారి ఆఫీసులో ట్రేసర్ని. పైవాళ్ళు వేసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల్నే నల్ల సిరాతో మళ్ళీ గీయాలి. సొంత ఆలోచనతో పని లేదు. మాది పెంటపాడు దగ్గర పల్లె. కొడుకు ఏలూరులో కుర్చీ మీద కూర్చునే ఉద్యోగం సంపాదించాడని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. పందొమ్మిది వందల ముప్పైలలో అది చిన్న సంగతి కాదు. ఆ కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నాను. ఆ మూడేళ్ళ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. ఎక్కువ రోత నా మీదే.

నేను చేరిన ఏడాదే కార్తీకంలో గాలివాన కొట్టింది. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేట్లో పడ్డాయి. కొల్లేరు ఆ నీళ్ళన్నీ పట్టలేక ఊళ్ళ మీదికి వచ్చింది. వాన తగ్గిన వారానికి, ఏ ఊళ్ళో నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో గుర్తులు వేసి రమ్మని మా ఓవర్సీరు గారిని పంపారు. తారు డబ్బా, కుంచె మోయడానికి నన్ను కూడా తీసుకెళ్ళాడు.

ఓవర్సీరు గారికి యాభై దాటాయి. మెత్తటి మనిషి. ఎవరినీ కసురుకోగా నేను చూడలేదు. పడవలో ముక్కుకి అత్తరు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నాకు రుమాలు లేదు. చచ్చిన గేదెలు పొట్టలుబ్బి తుమ్మచెట్లకి తట్టుకుని ఆగి ఉన్నాయి. తడిసిన ధాన్యం గాదెల్లోనే మొలకెత్తి పులిసిపోయింది. గట్ల మీద చేపలు కుళ్ళి, అడుగు వేస్తే కాలి కింద జారేవి. ఆ వాసన బట్టల్లో పట్టి, చాకలికి రెండుసార్లు వేసినా పోలేదు.

కొల్లేటి ఒడ్డున ఒక ఊరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి పేరు చెప్పను. ఇళ్ళు సగానికి పైగా కూలాయి. ఒక గుడిసె ముందు తడి పొయ్యి రాజెయ్యడానికి అవస్థ పడుతున్న ముసలాయన దగ్గరికి ఓవర్సీరు గారు వెళ్ళి, ఎంతో మర్యాదగా, "ఏవండీ, కాస్త పెరుగు దొరుకుతుందాండీ? నాకు పెరుగు లేకపోతే అన్నం సయించదు" అన్నాడు. ఆ ముసలాయన గేదె ఎక్కడో తుమ్మచెట్టుకి తట్టుకుని ఉండే ఉంటుంది. అయినా లేచి వెళ్ళి, ఎవరింట్లోంచో ఒక ముంతలో పెరుగు తెచ్చి ఇచ్చాడు. ఓవర్సీరు గారు పడవలో కూర్చుని తిన్నాడు. నాకూ కలిపి పెట్టాడు. తిన్నాను.

ఆ ఊళ్ళో మిషను వాళ్ళ నాటి చిన్న చర్చి ఒకటి ఉంది. దిబ్బ మీద కట్టారు, గోడలు మూరెడు మందం. దాని వసారాలో చిన్న పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మ గారు మాకు వరద గుర్తు చూపించారు. నలభై ఐదేళ్ళ మనిషి, భర్త లేడు, తెల్లచీర, గట్టి గొంతు. దిబ్బ దిగువన చర్చి గేటు స్తంభం మీద మేకుతో గీసిన గీత ఒకటి ఉంది.

"నీళ్ళు ఇక పెరగవని తేలిన పొద్దున్నే నడుంలోతు నీళ్ళల్లో నిలబడి గీశానండీ. నీళ్ళు తీశాక గీస్తే అందరూ తలో ఎత్తూ చెబుతారు" అన్నారు.

ఓవర్సీరు గారు మెచ్చుకున్నాడు. ఆ ఎత్తునే కాలవ లాకు గోడ మీదికి మట్టం చూసి, నా చేత తారు గీత గీయించి, దాని పక్కన "వరద మట్టం" అని రాయించాడు. ఆ రెండు మాటలూ శ్రద్ధగా రాశాను.

మరుసటి ఏడు వేసవిలో పైనుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. కొల్లేటి చుట్టుపట్ల ఆఫీసు తరఫున కట్టే ఏ కట్టడానికైనా గచ్చు వరద గీత కన్నా రెండడుగులు పైన ఉండాలి. గోడలు గానుగలో నలిపిన సున్నంతో కట్టాలి, మట్టితో కాదు. పైకప్పు వాసాలు ఇనప బద్దలతో గోడకి బిగించాలి. గాలి వచ్చే తూర్పు వైపు పెద్ద కిటికీలు పెట్టకూడదు. ఇంగ్లీషులో వచ్చిన ఆ కాగితాన్ని తెలుగు చెయ్యమని నాకే ఇచ్చారు. అచ్చువేసి లాకుల దగ్గరా, సంతల్లోనూ అంటించారు. గణపవరం సంతలో నా తెలుగుని ఒకాయన పైకి చదువుతుంటే పదిమంది నిలబడి వినడం చూశాను. ఆ రోజు నా అంత గర్వం ఎవరికీ లేదు.

ఆ నిబంధనల ప్రకారం కట్టబోయే మొదటి కట్టడం ఆ ఊరికే వచ్చింది. పెద్ద హాలు ఉన్న బడి. మామూలు రోజుల్లో పిల్లలకి చదువు, గాలివాన వస్తే ఊరందరికీ తలదాచుకునే చోటు. ప్లాను ట్రేసింగు నేనే చేశాను.

కట్టడం పట్టిన కంట్రాక్టరు తాడేపల్లిగూడెంలో కలప అడితీ ఉన్న షావుకారు. నన్ను కూడా "తమరు" అనే పిలిచేవాడు. ప్రతి శనివారం ద్వారకా తిరుమల కొండకి వెళ్ళి, సోమవారం మా ఆఫీసుకి ప్రసాదం పట్టుకొచ్చేవాడు. విస్తరాకులో పులిహోర, లడ్డూ. బంట్రోతు మొదలు అందరికీ తన చేత్తోనే పంచేవాడు. స్వామి ప్రసాదం కాదనడం ఎవరి తరం? మొదటిసారి కళ్ళకద్దుకుని తిన్నాను. నాలుగోసారికి సోమవారం ఎప్పుడొస్తుందా అని చూడడం మొదలుపెట్టాను.

ఆ పై ఏడు వైశాఖంలో, గోడలు లేస్తున్నాయని, కొలతలు సరిచూసి రమ్మని నన్నొక్కణ్ణే పంపారు. బడికి కాపలా ఉండడానికీ, ఊడ్చడానికీ ఆ ఊరి వయసుమళ్ళిన పెద్దామెని అప్పుడే పెట్టారు. పోయిన వరదలో ఆమె గుడిసె కొట్టుకుపోయింది. నా టేపు రెండో కొస ఆమే పట్టుకుంది. కొలిచినప్పుడల్లా "సరిపోయిందాండీ?" అని అడిగేది.

గది కొలతలు సరిపోయాయి. గచ్చు ఎత్తు మాత్రం చూపుకే తక్కువగా ఉంది. లాకు గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. నేను గీసిన చోట తారు గీత లేదు. ఉలితో గీకేసినట్టు అక్కడ గోడ తెల్లగా ఉంది. దానికి రెండున్నర అడుగుల కింద, కొత్త తారు గీత ఉంది. పక్కన "వరద మట్టం" అని రాసి ఉంది. నేను తలకట్టు కొంచెం పొడుగ్గా లాగుతాను. అక్కడా అలాగే లాగి ఉంది. నా చేతిరాత చూసి ఎవరో ఓపిగ్గా దిద్దుకున్నారు. అది చూస్తుంటే, నా ఎంగిలి కంచంలో ఎవరో అన్నం తిని వెళ్ళినట్టు అనిపించింది.

మళ్ళీ కట్టడం దగ్గరికి వచ్చి గొడుగు మొనతో గోడ సందులో గుచ్చాను. పైన వేలిమందం సున్నం, లోపలంతా బురద. తాపీ మేస్త్రీ తల తిప్పుకున్నాడు.

"గానుగేదీ?" అని అడిగాను.

"ఉండేదండీ. తాడేపల్లిగూడెంలో ఇంకో పనుందని పట్టుకెళ్ళారు."

"మరి గీత?"

"మమ్మల్ని అడక్కండి బాబుగారూ. గీత ఎక్కడుంటే అక్కణ్ణించి కొలుస్తాం. అది కింద ఉంటే మెరక చెయ్యడానికి మట్టి తక్కువ పడుతుంది. అంతవరకే నాకు తెలుసు."

చర్చి గేటు దగ్గర పంతులమ్మ గారు ఎదురుపడ్డారు. లాకు గోడ మీది కొత్త గీత ఆవిడ అప్పటికే చూశారు.

"ఏవండీ, ముందటేడు వచ్చిన నీళ్ళు ఈ ఏడు కిందికి దిగాయాండీ?" అన్నారు. గొంతులో వెటకారం లేదు. సంగతి తెలుసుకుందామనే అడిగారు.

"ఆఫీసులో చెబుతానండీ" అన్నాను.

వెళ్ళేముందు, ఊడ్చే పెద్దామె టేపు చుట్టి నా చేతికిస్తూ, "బాబూ, ఇందులో ఉంటే గాలివానకి భయం లేదంటారాండీ?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. మంచి మాట అడిగింది, మంచి మాట చెప్పాలనిపించింది. అంతకన్నా గొప్ప కారణం లేదు.

ఆఫీసులో ఓవర్సీరు గారికి చెప్పాను. ఆయన వక్క కొరుకుతూ ఓపిగ్గా విన్నాడు.

"గీత నువ్వు గీసిందే కదా నాయనా. చేతిరాత నీదేనని నేను చూసి చెప్పగలను."

"కాదండీ, నేను గీసింది పైన. చర్చి స్తంభం మీద మేకు గీత ఇంకా ఉంది."

"ఆడమనిషి మేకుతో గీసిన గీత. ఇటు ఆఫీసు గీత. పైవాళ్ళు ఏది చూస్తారంటావు? నువ్వు పైన గీశానని చెబితే, మరి కింద ఎవరు గీశారంటారు? ముందు నిన్నే అడుగుతారు. ఈ కట్టడం ఆగితే ఆ ఊరికి మళ్ళీ ఇంకోటి వస్తుందా? ఉన్నదేదో ఉండనీ. కొలతలు సరిచూశానని కింద సంతకం పెట్టు."

ఆయన కలం మూత తీసి, పాళీ సరిగ్గా ఉందో లేదో గోటి మీద చూసి మరీ ఇచ్చాడు. సంతకం పెట్టాను. అది సోమవారం. కాసేపటికి షావుకారు విస్తరాకుల పొట్లాలతో వచ్చాడు. "తమరు ఎండలో అంత దూరం శ్రమపడ్డారటండీ" అంటూ నాకు రెండు పొట్లాలు ఇచ్చాడు. ఒకటి అక్కడే తిన్నాను. రెండోది గదికి తీసుకెళ్ళాను. చింతపండు, ఇంగువ వాసనకి వాంతి వచ్చింది. అయినా పారెయ్యలేదు, ప్రసాదం కదా అని అదీ తిన్నాను. మనిషి ఎంత నీచానికైనా భక్తి పేరు పెట్టుకోగలడని ఆ రోజు తెలిసింది.

ఆ ఏడు ఆశ్వయుజం చివర, గాలివాన రాబోతోందని మద్రాసు నుంచి తంతి వచ్చింది. ఊళ్ళల్లో ముందుగా హెచ్చరించమని కొత్త నిబంధనల్లోనే ఉంది. ఆ ఊరికి నన్ను పంపారు. టముకు వేసే మనిషిని వెంటబెట్టుకుని, పొద్దున్నే వీధి వీధీ తిరిగాను. అతను టముకు కొట్టి ఆగితే, నేను కాగితం చదవాలి. "గాలివాన రానున్నది. ప్రజలందరూ ముసలివాళ్ళనీ పిల్లలనీ తీసుకుని కొత్త బడికి చేరవలెను." ఆ తెలుగు కూడా నాదే. ఆరు వీధుల్లో చదివాను. నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

జనం నమ్మారు. చాపలు, కుండలు, కోళ్ళ గంపలు పట్టుకుని కొత్త బడికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఊడ్చే పెద్దామె హాలు తాళం తీసి, అందరికీ చోటు చూపిస్తోంది. నన్ను చూసి, "బాబూ, ఈ మూల మీకు ఉంచానండీ, గాలి తగలదు" అంది.

"చర్చి దగ్గర పని ఉందమ్మా, చూసుకుని వస్తాను" అన్నాను.

పని లేదు. చర్చి గోడలు మూరెడు మందం, దిబ్బ మీద ఉంది. ఆరు వీధుల వాళ్ళని ఆ బడికి పంపి, నేను చర్చికి నడిచాను. ఇంతకన్నా అసహ్యమైన నడక నేను నడవలేదు.

చర్చి లోపల పంతులమ్మ గారు, ఆవిడ మాట విన్న పాతిక ముప్ఫై మంది ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి గాలి ఎత్తుకుంది. తాటిచెట్లు వంగిపోతున్నాయి. వాన అడ్డంగా కొడుతోంది. కాలవ పొర్లి, దిబ్బ చుట్టూ నీళ్ళు చేరాయి.

ఆవిడ నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"మీరు అక్కడికి వెళ్ళలేదేమండీ?"

నేను తలుపు గడియ సరిచూస్తున్నట్టు వంగాను.

"అందర్నీ వెళ్ళమని చదివారు కదండీ. మీరెందుకు వెళ్ళలేదు?"

అప్పుడు చెప్పాను. గీత సంగతి, బురద సంగతి, సంతకం సంగతి. అంతా చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు. నెలల తరబడి దాచింది అంత కొంచెమేనా అనిపించింది. ఆవిడ నన్ను తిట్టలేదు. నా మొహం వంక ఒకసారి చూసి, చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకుని, గంట తాడు విప్పుకొచ్చారు.

"పదండి" అన్నారు.

ఇద్దరు మగవాళ్ళు, ఆవిడ, నేను తాడు పట్టుకుని దిగాం. కొత్త బడి మూడు వందల గజాల దూరం. దారిలో నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి, బడి మెట్ల దగ్గర తొడల దాకా. హాల్లో అప్పటికే గచ్చు మునిగింది. పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడి ఉన్నారు. తూర్పు వైపు వాసాలు గాలికి లేచి లేచి పడుతున్నాయి. బద్దలు బిగిస్తే అలా లేవవు. లేచినప్పుడల్లా పెంకులు నాలుగైదు జారి నీళ్ళల్లో పడుతున్నాయి. గోడ అడుగున బురద కరిగి ఎర్రగా కారుతోంది.

"అందరూ చర్చికి రండి. ఇది నిలవదు" అని పంతులమ్మ గారు గట్టిగా అన్నారు.

ఒకాయన, "పొద్దున ఇక్కడికే రమ్మన్నారు కదండీ" అన్నాడు. కోపంతో కాదు. ఏది మాట, ఏది కాదు అని తేల్చుకోలేక అన్నాడు.

"అబద్ధం చెప్పాను, రండి" అన్నాను.

తాడు పట్టించి విడతలు విడతలుగా దాటించాం. నాలుగో విడతకి హాలు దాదాపు ఖాళీ అయింది. పెద్దామె మాత్రం తలుపు దగ్గరే ఉంది. బడి బీరువా తాళాలు, హాజరు పుస్తకాలు చెంగులో మూటగట్టుకుంటోంది.

"అవి వదిలెయ్యమ్మా, రా" అన్నాను.

"నాకప్పగించారు కదండీ. ఆ కుర్చీలు కూడా పైకెక్కించి వచ్చేస్తాను. మీరు పిల్లల్ని తీసుకెళ్ళండి."

చంకలో ఒక పిల్ల, భుజం మీద ఇంకో పిల్ల ఉన్నారు. వాళ్ళని దింపి మళ్ళీ వద్దామని బయల్దేరాను. సగం దారిలో ఉండగా వెనక పెద్ద చప్పుడయింది. తిరిగి చూస్తే తూర్పు గోడ లేదు. కప్పు ఒకవైపు ఒరిగి, గోడలోని బురద నీళ్ళల్లో కలిసిపోతోంది.

మర్నాడు గాలి ఆగాక ఆమెని వెతికి తీశాం. చెంగులో మూట విప్పలేదు. నేను చెయ్యి వెయ్యబోతే పంతులమ్మ గారు, "మీరొద్దండీ" అన్నారు. పక్కకి తప్పుకున్నాను. ఆవిడ అన్న ఒకే ఒక్క కఠినమైన మాట అది. అది కూడా అండీ చేర్చే అన్నారు.

నెలకి విచారణ జరిగింది. వేరే జిల్లా నుంచి వచ్చిన ఒక ఆఫీసరు, కూలిన బడి పక్కనే డేరా వేసుకుని కూర్చున్నాడు. షావుకారు చేతులు కట్టుకుని, "దైవఘటన అండీ, ఎంత గాలో తమరికి మనవి చేసుకోలేను" అన్నాడు. ఓవర్సీరు గారు, "కొలతలు మా ట్రేసరు చూశాడండీ. సంతకం ఉంది. వరద గీత కూడా ఆ అబ్బాయి గీసిందే. వయసు చిన్నది, పొరపాటు పడ్డాడు, క్షమించమని నేనే వేడుకుంటున్నాను" అన్నాడు. నా తరఫున క్షమాపణ చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఆయన్ని కొట్టాలనిపించలేదు. ఆయన కూర్చున్న బల్ల మీద నేనూ కూర్చున్నందుకు ఒళ్ళంతా కడుక్కోవాలనిపించింది.

నన్ను అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. సంతకం నాదే, తెలిసే పెట్టాను. కింది గీత నాది కాదు. ఆఫీసరు గారు చర్చి గేటు దాకా నడిచి, మేకు గీత చూసి, లాకు గోడతో మట్టం చూడమన్నాడు. రెండున్నర అడుగులు తేడా తేలింది. గోడ శకలం ఒకటి నీళ్ళ బకెట్టులో వేయించాడు. అందరూ చూస్తుండగానే అది జావ అయిపోయింది. తాపీ మేస్త్రీ ఆ బకెట్టు వంక చూస్తూ, గీత మార్పించింది షావుకారేనని చెప్పేశాడు.

అయితే ఏమైంది? షావుకారు బడి మళ్ళీ తన ఖర్చుతో కట్టాలన్నారు. కట్టాడు. ఓవర్సీరు గారిని వేరే తాలూకాకి మార్చారు. వెళ్ళేటప్పుడు ఆఫీసులో దండ వేసి, ఫొటో తీయించుకున్నారు. నన్ను తప్పుడు సంతకానికి మందలించి, ఇంకోసారి జాగ్రత్తగా ఉండమని వదిలేశారు. మందలింపు కాగితం చేతికిచ్చిన హెడ్ గుమాస్తా, "పోన్లెండి, ఉద్యోగానికేం ఢోకా లేదు" అని సంతోషపడ్డాడు. నిబంధనల్లో ఒక మాట చేర్చారు. ఇకపై వరద గీత తారుతో గీయకూడదు, రాతిలో చెక్కించాలి. ఒక మనిషి ప్రాణానికి వచ్చిన ఫలితం అదొక్కటే. అదైనా వచ్చింది.

కొత్త బడి కట్టినన్నాళ్ళూ పంతులమ్మ గారు రోజూ పిల్లల్ని ఇంటికి పంపాక గొడుగు వేసుకుని వెళ్ళి, గానుగ పక్కన కూర్చునేవారట. సున్నం సరిగ్గా నలిగిందో లేదో వేళ్ళ మధ్య రుద్ది చూసేవారట. మూడుసార్లు వెనక్కి పంపించారని మేస్త్రీయే నాకు చెప్పాడు. ఆ కట్టడం ఇప్పటికీ నిలిచే ఉంది. నేను లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

విచారణ జరిగిన ఆ ఏడు చివరే ఉద్యోగం వదిలేశాను. మా నాన్న నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. మందలింపుతో పోయేదానికి ఉద్యోగం పోగొట్టుకున్న వెర్రివాడినని ఊళ్ళో అనుకున్నారు. తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో చేరాను. ధాన్యం తడిసిందీ లేనిదీ చూసే పని. తడిసిన ధాన్యం వాసన నాకు చప్పున తెలిసేది.

రెండేళ్ళ తర్వాత ఒకసారి, మిల్లు పని మీద ఏలూరు వెళ్ళడానికి రైలెక్కాను. పెట్టె నిండా జనం. నిలబడి ఉంటే ఎవరో కండువా దులిపి, పక్కకి జరిగి చోటిచ్చారు. చూస్తే షావుకారు. కొంచెం చిక్కాడు. మొహం మీద అదే చిరునవ్వు.

"రండి రండి, తమరు నిలబడ్డారేమండీ. ఆరోగ్యం బాగుందాండీ? నాన్నగారు కులాసాయేనాండీ?"

జవాబు చెప్పకుండా వెనక్కి తిరగాలనుకున్నాను. నాకంటే ముందే నా నోరు తెరుచుకుంది.

"కులాసాయేనండీ. తమరు బాగున్నారా?" అన్నాను.

పక్కన కూర్చున్నాను. యాత్రికుల కోసం ఒక సత్రం పని ఈ మధ్యనే పట్టానని, సున్నం దొరకడం కష్టంగా ఉందని ఆయన చెబుతున్నాడు. నేను వింటున్నాను. మధ్యలో రెండు స్టేషన్లు వచ్చాయి. ఏదో ఒకదాంట్లో దిగి ఇంకో పెట్టెలోకి మారవచ్చు. మారలేదు. ఆయన చెప్పిన ప్రతిదానికీ "అవునండీ" అంటూ ఏలూరు దాకా వెళ్ళాను.